ఓట్లతో గెలిచినవాళ్లే పట్టు బిగిస్తుంటే ముందుగా పసిగట్టేదెలా?

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఒక సందేహం నన్ను వదలడం లేదు, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

నియంత అంటే రోడ్ల మీదికి ట్యాంకులు తెచ్చేవాడే అనుకునేవాణ్ణి. హంగరీ గురించి చదివాక ఆ లెక్క తప్పింది. 2010 ఎన్నికల్లో గెలిచి అక్కడ ప్రధాని అయిన ఓర్బాన్ కూటమికి దాదాపు 53 శాతం ఓట్లొస్తే, సీట్లు మాత్రం మూడింట రెండు వంతులు. మరుసటి ఏడాదే కొత్త రాజ్యాంగం. జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కి దించి పెద్దవాళ్లను ఇంటికి పంపారు. అదీ చట్టం చేసే! తర్వాత కోర్టులు తప్పుపట్టాయి గానీ, అప్పటికే చాలామంది కుర్చీలు దిగిపోయారు.

మామూలు సంస్కరణకీ, ఇలా పట్టు బిగించడానికీ తేడా మొదట్లోనే ఎలా పోల్చుకోవాలి? విపక్షాల కేకల్ని నమ్ముకోలేం, వాళ్లకు ప్రతిదీ నియంతృత్వమే.

ఇంకొకటి. దక్షిణ కొరియాలో 2024 డిసెంబరులో అధ్యక్షుడు సైనిక పాలన ప్రకటిస్తే పార్లమెంటు కొన్ని గంటల్లోనే దాన్ని ఓటుతో తిప్పికొట్టింది. కంటికి కనిపించే దెబ్బ కాబట్టే కాచుకోగలిగారా? మెల్లగా జరిగేదాన్ని సగంలోనే ఆపిన దేశాలున్నాయా? పోలండ్‌లో 2023 ఎన్నికలతో ప్రభుత్వమైతే మారింది, పాత ప్రభుత్వం గుప్పిట్లో పెట్టుకున్న కోర్టులను మళ్లీ దారిలో పెట్టడమే కష్టమవుతోంది.

మీరైతే ముందు దేన్ని గమనిస్తారు: కోర్టులనా, ఎన్నికల సంఘాన్నా, పత్రికలనా?