గుల్ల, డొల్ల, బోలు: పాత గది గోడకు ఏ మాట వాడాలి?

ప్రశ్న

పాత ఇంట్లో పడకగదిని సొంతంగా బాగుచేసుకునేవారి కోసం తెలుగులో రాస్తున్న సూచనల పుస్తకంలో ఒకే పేజీలో "గుల్ల" మూడుసార్లు వచ్చింది. "గోడ పూత గుల్లగా మోగుతోంది", "ద్వారబంధం అడుగున గుల్ల అయింది", "నేల నుంచి మూరెడు ఎత్తు వరకు పూత గుల్లబారింది". మాట ఒకటే కావడంతో చదివేవారు మూడింటికీ ఒకే మరమ్మతు చేసే ప్రమాదం ఉంది. పూతకు డొల్ల, చెక్కకు బోలు, మూడోదానికి గుల్ల అని విడగొడితే భాష ఒప్పుకుంటుందా? పని తెలిసినవారు కూడా చెప్పండి.

జవాబు 1

నామవాచకంగా గుల్ల అంటే పెంకు. గుల్లసున్నం అనే మాటలో ఉన్నది ఆ పెంకే. పైన గట్టిగా ఉండి లోపల ఏమీ లేకపోవడం దాని లక్షణం. "ఇల్లు గుల్ల చేసుకున్నాడు" అన్నా అదే భావం: గోడలు నిలిచే ఉన్నాయి, లోపలి కలిమి పోయింది.

"బారు" చేరగానే అర్థం కొంచెం జరుగుతుంది. ఎముకలు గుల్లబారాయంటే మధ్యలో ఒక పెద్ద ఖాళీ ఏర్పడిందని కాదు, ఎముకంతా సన్నసన్న రంధ్రాలై బలం తగ్గిందని. నేల గుల్లబారిందన్నా రేణువుల మధ్య పట్టు వదిలిందనే. కాబట్టి "గుల్ల", "గుల్లబారడం" రెండూ ఒకటి కావు. మీ మూడో వాక్యంలో గుల్లబారింది అన్నది సరైన ప్రయోగం.

డొల్లకు ఇప్పుడు నింద కూడా అంటుకుంది. డొల్ల కంపెనీ, డొల్ల వాదన అంటున్నాం కదా. గోడకు వాడితే వ్యాకరణం తప్పు పట్టదు గానీ, చెవికి గోడ మొత్తం ఉత్తదే అన్నట్టు వినిపిస్తుంది. బోలు వెదురుకు బాగా నప్పుతుంది, ఎందుకంటే వెదురు పుట్టుకతోనే బోలు. చెదలు తిన్న చెక్క అలా కాదు, తరవాత అలా అయింది. అందుకే దానికి "గుల్ల అయింది" అన్నదే నప్పుతుంది.

జవాబు 2

తాపీపనిలో గుల్ల అనేది ముందు చెవికి తెలిసే మాట. వేళ్ల కణుపులతో గానీ స్క్రూడ్రైవర్ పిడితో గానీ గోడను జానెడు జానెడుకూ కొట్టుకుంటూ పోతే, గట్టి పూత "టక్" అంటుంది, గుల్ల పూత "డబ్" అంటుంది. ఇక్కడ పూత పాడైపోలేదు. ఇటుక నుంచి విడిపోయి నిలబడి ఉంది, అంతే. ఖాళీ ఉన్నది పూతలో కాదు, పూతకూ గోడకూ మధ్యన. ఆ ఖాళీ కాగితమంత మందం ఉన్నా మోత మారిపోతుంది. అందుకే "గుల్లగా మోగుతోంది" అన్న వాక్యాన్ని మార్చకండి. మోగడం అన్న క్రియ పోతే చదివేవారు కంటితో వెతుకుతారు, కంటికి ఇది కనబడదు.

మరమ్మతు ఇలా రాయండి. గుల్ల మోగినంత మేరా సుద్దముక్కతో గీత గీయాలి. అరచేత్తో నొక్కితే కదలని, చుట్టూ పగులు లేని పిడికెడంత గుల్లను వదిలేయవచ్చు. నొక్కితే కదిలేదాన్ని తీసేయాల్సిందే. వెడల్పు ఉలిని ఏటవాలుగా పట్టుకుని గుల్ల మధ్య నుంచి అంచులకు వెళ్లాలి, ఎప్పుడూ అంచు నుంచి మొదలుపెట్టకూడదు. అంచున కొడితే ఆ అదురుకు పక్కనున్న మంచి పూత కూడా విడిపోతుంది, గుల్ల గుల్లను పెంచుతుంది. "టక్" మనే పూత తగిలినచోట ఆగి, అంచును లోపలి వైపుకు కాస్త వాలుగా చెక్కితే కొత్త పూత కింద పట్టు దొరుకుతుంది.

ఉలి పెట్టేముందు రెండు పనులు. ఆ గదికి కరెంటు ఆపి, టెస్టర్‌తో నిర్ధారించుకోవాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా పక్కలా పూతలో తీగ ఉండే అవకాశం ఎక్కువ. రెండోది, పాత రంగు పొరల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దకూడదు, తడిపి గీరాలి. సన్నని దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి, పిల్లలను ఆ గదికి దూరంగా ఉంచాలి. మంటతో కాల్చి రంగు తీయడం అన్నింటికన్నా ప్రమాదం.

ప్రశ్న అడిగినవారు

ఉపయోగపడింది. కొత్త పూత దేనితో వేయాలి? "సిమెంటుతో పూడ్చాలి" అని ఇప్పటి రాతప్రతిలో ఉంది.

జవాబు 2

ఆ వాక్యం తీసేయండి. ముందు పాత పూత ఏమిటో చూడాలి. ఉలి తగలగానే తెల్లటి పొడిగా, మెత్తగా రాలితే సున్నపు గార. బూడిదరంగులో గట్టి పెళ్లలుగా లేస్తే సిమెంటు. సున్నపు గోడకు సిమెంటు అతుకు వేస్తే రెండింటి మధ్యా పొంతన ఉండదు. సున్నం చెమ్మను పీల్చి వదులుతుంది, కొద్దిపాటి కదలికను ఓర్చుకుంటుంది. సిమెంటు రెండూ చేయదు. చెమ్మ అతుకు చుట్టూ చేరి, అంచు వెంబడి గీతలా పగిలి, ఆ అతుకే మళ్లీ గుల్ల అవుతుంది.

సున్నపు గోడకు సున్నపు గారే వేయాలి: నానబెట్టి ముద్దయిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు. చదరపు మీటరు మేర 12 మిల్లీమీటర్ల మందానికి 12 లీటర్ల గార పడుతుంది. సున్నం ఇసుక సందుల్లోకి దూరిపోతుంది కాబట్టి రెంటినీ కూడి లెక్క వేయకూడదు. తరుగుతో కలిపి 15 లీటర్ల ఇసుక, 5 లీటర్ల సున్నపు ముద్ద సిద్ధం చేసుకుంటే సరి. సున్నం ఒంటిని కాలుస్తుంది. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి.

దుమ్మంతా కుంచెతో దులిపి, గోడను తడపాలి. నీళ్లు మెరుస్తూ నిలవకూడదు, చిలకరించిన నీరు చుయ్యిమని ఇంకిపోనూ కూడదు. లోతు 12 మిల్లీమీటర్లు దాటితే రెండు పొరలుగా వేయాలి. మొదటి పొర కాస్త గట్టిపడ్డాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టాలి. గోరు దిగనంతగా బిగిశాకే రెండోది. ఒకేసారి మందంగా కొడితే బరువుకు జారుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది. తరవాత కనీసం వారం రోజులు తడి గుడ్డ కప్పడమో నీళ్లు చిలకరించడమో చేయాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని రాయిగా మారుతుంది, ఆ మార్పుకు చెమ్మ కావాలి. ఫ్యాను పెట్టి ఆరబెడితే పైకి ఆరినట్టుంటుంది, రుద్దితే చేతికి పొడి అంటుతుంది.

జవాబు 3

నేల దగ్గర పూత గుల్లబారడం వేరే సంగతి, దాన్ని పూడ్చడం వృథా. పునాది నుంచి ఎక్కిన చెమ్మ తనతో ఉప్పును తెస్తుంది. నీరు ఆవిరైనచోట ఉప్పు గడ్డకట్టి, పూత రంధ్రాలను లోపలి నుంచి పగలగొడుతుంది. అందుకే వేలితో రాస్తే పొడి రాలుతుంది. ఇక్కడ మోతతో పని లేదు, గీరితేనే తెలుస్తుంది.

చెమ్మ గోడలోదా, గదిలోని గాలిదా తేల్చడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచాలి. గోడవైపు నీటిబొట్లు పడితే చెమ్మ గోడలో ఉంది. గదివైపు పడితే గాలి ఆడక వచ్చింది. గోడదైతే మొదట బయటివైపు చూడాలి: గోడను ఆనుకుని మట్టి పెరిగిందా, పైకప్పు నీరు అక్కడే పడుతోందా, గొట్టం కారుతోందా. అది సరిచేయకుండా లోపల ఏ పూతా నిలవదు. ఉప్పును పొడి కుంచెతో దులిపి చేటలోకి ఎత్తి పారేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. చెమ్మ మరక ఆగిన ఎత్తు నుంచి మరో అడుగు పైదాకా పాత పూత తీసి, గోడను నెలల తరబడి ఆరనివ్వాలి. చివర్లో సున్నం వెల్ల వంటి ఊపిరాడే పూత వేయాలి. ప్లాస్టిక్ రంగు, ఆయిల్ పెయింటు చెమ్మను మూసిపెట్టి బొబ్బలెక్కుతాయి.

మాట దగ్గరకొస్తే, "గుల్లబారింది" పక్కనే "పొడి రాలుతోంది" అని కూడా రాయండి. అర్థం స్థిరపడుతుంది.

జవాబు 4

చెక్కకు నా ఓటు గుల్లకే, కానీ కారణం కూడా కలిపి: "చెదలు గుల్ల చేశాయి" అనండి. పుప్పి పట్టిన చెక్కను అదే మాటతో కలపొద్దు. చెదలు పై పొరను వదిలి లోపలిది తింటాయి, రంగు వేసిన ముఖం చక్కగానే ఉంటుంది. గోడను ఆనుకున్న వైపు మట్టి దారులు కనిపిస్తాయి. పుప్పికి సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి గుర్తు. ఆ పొడి తుడిచేశాక మళ్లీ రాలితే పురుగు ఇంకా బతికే ఉంది.

ద్వారబంధం అడుగును స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. గట్టి చెక్కలో మొన దిగదు, గుల్లలో సులువుగా దిగిపోతుంది. ముందు చెదలకు మందు, ఆ తరవాతే మరమ్మతు. పైపై నష్టానికి ఎపాక్సీ పుట్టీ చాలు. లోతుగా పోతే గట్టి చెక్క తగిలినచోట నుంచి మరో జానెడు పైకి కోసి, ఏటవాలు అతుకుతో కొత్త చెక్క కలపాలి. దూలం అలా ఉంటే మాత్రం చేయి పెట్టకూడదు, ఇంజనీరు చూడాలి.

ప్రశ్న అడిగినవారు

పైకప్పు పూతకు కూడా "పిడికెడు గుల్ల వదిలేయవచ్చు" వర్తిస్తుందా?

జవాబు 2

వర్తించదు. ఆ వాక్యంలో "గోడకు మాత్రమే" అని తప్పక చేర్చండి. 20 మిల్లీమీటర్ల మందపు పూత చదరపు మీటరుకు 30 కిలోలు దాటుతుంది, అది ఉండేది మంచం మీద. పైకప్పుకు "గుల్ల" బదులు "విడిపోయిన పూత" అనే రాయండి. వదిలేయవచ్చన్న భ్రమకు తావుండదు. తీసేటప్పుడు దాని కింద నిలబడకుండా, పక్కనుంచి పొడవాటి కర్రకు బిగించిన గీకుడు బ్లేడుతో రాల్చాలి.