‘ఫైటింగ్ సూ’ని తెలుగులో ఎలా రాయాలి, ఆ పేరు మీద మాట ఎవరిది?

అమెరికా కాలేజీ ఆటల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ గుంపులో ఒకరు అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. కామెంట్లో పట్టేలా లేదు కాబట్టి విడిగా పెడుతున్నాను. అమెరికాలో నార్త్ డకోటా విశ్వవిద్యాలయం ఆటల జట్టుకి ఒకప్పుడు ఉన్న పేరుని తెలుగులో ‘సియోక్స్’ అని రాయాలా, ‘సూ’ అని రాయాలా, లేకపోతే ‘పోరాడే సూ తెగ’ అని అర్థం చెప్పాలా, నిక్‌నేమ్ అన్నదానికి ‘మారుపేరు’ పనికొస్తుందా అని వాళ్ళు అడిగారు.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. ఆ మాటని పలికేది ‘సూ’ అనే. ఇంగ్లీషులో రాసేటప్పుడు (Sioux) చివర కనిపించే ఎక్స్ ఫ్రెంచి బహువచనం గుర్తు, దాన్ని పలకరు, అందుకని ‘సియోక్స్’ వద్దు. ‘ఫైటింగ్’ని అనువదించొద్దు, సన్‌రైజర్స్‌ని మనమెవరం సూర్యోదయులు అనడం లేదు కదా. మారుపేరు అంటే మనకి పోలీసు కేసులో ‘అలియాస్’ లాగా వినిపిస్తుంది, ముద్దుపేరు ఇంట్లో పిల్లలకి, బిరుదు ఎవరో సభ పెట్టి ఇచ్చేది. ఇక్కడ ‘జట్టు పేరు’ అంటే చాలు. అలాగే మీ వ్యాసంలో వచ్చే ‘కాన్ఫరెన్స్’ని సమావేశం అనో సదస్సు అనో రాయకండి. అక్కడ కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి కట్టుకున్న కూటమి, ఎవరితో ఎవరు ఆడాలో ఏడాది పట్టిక అదే వేస్తుంది, అందులో గెలిచిన జట్టుకి చాలా ఆటల్లో జాతీయ పోటీకి నేరుగా దారి దొరుకుతుంది. ఏ కూటమిలోనూ లేని కాలేజీ జట్టుకి ఆడటానికి ఎదుటివాళ్ళని వెతుక్కోవడమే పెద్ద పని.

ఇక అసలు చిక్కు ‘సూ’ అనే మాటలోనే ఉంది. సూ అంటే అక్కడి మూలవాసి జాతి ఒకటి, కానీ అది ఆ జనం తమకి తాము పెట్టుకున్న పేరు కాదు. పొరుగున ఉండే ఒజిబ్వే జాతివాళ్ళు వీళ్ళని పిలిచిన మాట ఫ్రెంచి వ్యాపారుల నోట్లో పడి ‘నదువెసూ’ లాంటి రూపం తీసుకుంది, తర్వాత ముందు భాగం రాలిపోయి తోక ఒక్కటే మిగిలింది. దానికి ‘చిన్న పాములు’ అని చాలాకాలం అర్థం చెప్పుకున్నారు, ఇప్పటి భాషావేత్తలు ‘వేరే భాష మాట్లాడేవాళ్ళు’ అన్న మూలం వైపు మొగ్గుతున్నారు. ఆ జనం మాత్రం తమని మాండలికాన్ని బట్టి డకోటా అనో లకోటా అనో అనుకుంటారు, అంటే మిత్రులు, పొత్తు కలిసినవాళ్ళు అని. అంటే రాష్ట్రానికేమో వాళ్ళ సొంత పేరు, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం జట్టుకేమో పొరుగువాళ్ళు పెట్టిన పేరు.

అలాగని ‘సూ’ని తిట్టు అనుకోకండి. ప్రభుత్వ ఒప్పందాలు చాలావరకు ఆ పేరు మీదే జరిగాయి కాబట్టి ఆ జనం కూడా అధికారికంగా దాన్ని వాడతారు, స్టాండింగ్ రాక్ సూ తెగ అనేది వాళ్ళ కాగితాల మీద ఉన్న పేరే. కొందరు మాత్రం మార్చుకున్నారు. నార్త్ డకోటాలో ఒక పెద్ద చెరువు ఉంది, డకోటా భాషలో దాన్ని ‘మ్ని వకాన్’ అంటారు, మ్ని అంటే నీరు, వకాన్ అంటే పవిత్రమైనది. తెల్లవాళ్ళు ఆ వకాన్‌ని ‘దయ్యం’ అని అర్థం చేసుకుని డెవిల్స్ లేక్ అని పేరు పెట్టారు. ఆ ఒడ్డున ఉన్న తెగ కూడా చాలాకాలం డెవిల్స్ లేక్ సూ తెగ అనే పేరుతోనే ఉండి, 1990లలో స్పిరిట్ లేక్ తెగగా మార్చుకుంది. పక్కనున్న ఊరు పేరు ఇప్పటికీ డెవిల్స్ లేక్. తమ దేవుడి నీళ్ళకి దయ్యం పేరు పెడితే దశాబ్దాల పాటు ఆ పేరే రాసుకోవాల్సి వచ్చిన జనం వీళ్ళు. జట్టు పేరు మీద వాళ్ళు ఏమన్నారో చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

జట్టుకి ఈ పేరు 1930లో వచ్చింది. అంతకు ముందు ఫ్లికర్‌టెయిల్స్ అనేవాళ్ళు, అది అక్కడి నేల ఉడత. దాన్ని ఎందుకు మార్చారో విద్యార్థి పత్రిక అప్పట్లో రాసిన కారణాలు చూస్తే నాకు కడుపు రగులుతుంది. పోటీ కాలేజీ జట్టు పేరు బైసన్, అడవిదున్న, దాన్ని తుదముట్టించడానికి సూ పనికొస్తుందన్నది ఒక కారణం. వాళ్ళు యుద్ధప్రియులు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు అన్నది ఇంకొకటి. మైదానంలో అరుపులకీ పాటలకీ ఆ మాట ప్రాసకి బాగా కుదురుతుందన్నది మూడోది. ఆ పేరున్న మనుషుల్ని అడగడం అన్న ఊసే అందులో లేదు. 1969లో స్టాండింగ్ రాక్ పెద్దలు కొందరు వచ్చి పేరు వాడుకోమని లాంఛనంగా ఇచ్చారని పేరు ఉండాలనేవాళ్ళు చెబుతారు, కానీ అది కూడా పేరు పెట్టుకున్న దాదాపు నలభై ఏళ్ళకి.

ఆ ప్రాస ఎంత బాగా కుదిరిందంటే, విశ్వవిద్యాలయం ఉన్న ఊరు గ్రాండ్ ఫోర్క్స్‌లో ఐస్ హాకీ ఆట ముందు జాతీయ గీతం పాడేటప్పుడు చివరి మాట దగ్గర, ‘బ్రేవ్’ అనాల్సిన చోట, స్టేడియం అంతా ఒక్క గొంతుతో ‘సూ’ అని అరిచేది. ఆ అరుపులో ఉన్నవాళ్ళకి అది గర్వం, దాన్ని నేను కాదనను. కానీ అదే ప్రాస అటువైపు కూడా పనిచేస్తుంది. ఎదుటి జట్టు అభిమానులు ‘సూ సక్స్’, అంటే సూ చెత్త, అని అరిచేవాళ్ళు, చొక్కాల మీద అచ్చు వేయించుకునేవాళ్ళు. జట్టు ఓడిపోవాలని అనే ఆ మాట గ్యాలరీలో కూర్చున్న డకోటా పిల్ల చెవికి ఎలా వినపడుతుంది? 2014లో, పేరు తీసేసిన తర్వాత, ఆ ఊళ్ళో జరిగిన ఒక వసంత వేడుకకి కొందరు కుర్రాళ్ళు ‘సూపర్ డ్రంక్’ అని రాసిన చొక్కాలు వేసుకొచ్చారు. ‘సూపర్’లో సూ అక్షరాలని ఆ జాతి పేరుతో రాసి, కింద జట్టు గుర్తు లాంటి బొమ్మ నోటికి తాగుడు గొట్టం పెట్టారు. ఒక జాతిని తాగుబోతులుగా చూపించడానికి అక్షరాల ఆట ఒక్కటి సరిపోయింది. విశ్వవిద్యాలయం అధ్యక్షుడే దాన్ని బహిరంగంగా ఖండించాల్సి వచ్చింది.

ఇక కూటమి సంగతి, ఎందుకంటే మీ వ్యాసం అసలు దాని గురించే అన్నారు. కాలేజీ ఆటల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ 2005 ఆగస్టులో ఒక విధానం తెచ్చింది. మూలవాసుల్ని కించపరిచేలా పేర్లూ గుర్తులూ ఉన్న కాలేజీలు తన జాతీయ పోటీల్లో వాటిని చూపించకూడదు, అలాంటి పోటీలకి ఆతిథ్యం ఇవ్వకూడదు. ఫ్లోరిడా స్టేట్ జట్టు పేరు సెమినోల్స్, వాళ్ళకి ఆ సెమినోల్ తెగ మద్దతు ఉంది కాబట్టి మినహాయింపు దొరికింది. నార్త్ డకోటా 2006లో కోర్టుకి వెళ్ళింది, 2007 అక్టోబరులో రాజీ కుదిరింది. రాజీ ప్రకారం మూడేళ్ళలోగా స్పిరిట్ లేక్, స్టాండింగ్ రాక్ రెండు తెగల అనుమతీ తెచ్చుకోవాలి, లేదంటే పేరు వదిలేయాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే విశ్వవిద్యాలయం హాకీ తప్ప తన మిగతా ఆటలన్నిటినీ రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి మారుస్తోంది, వాళ్ళ కళ్ళు సమ్మిట్ లీగ్ అనే కూటమి మీద ఉన్నాయి. పాత ప్రత్యర్థి నార్త్ డకోటా స్టేట్ (ఆ బైసన్ జట్టు కాలేజీ), పక్క రాష్ట్రం సౌత్ డకోటా స్టేట్ అప్పటికే అందులో చేరిపోయాయి, బస్సులో వెళ్ళి ఆడి రాగల దూరాలు. సమ్మిట్ లీగ్ మాత్రం పేరు గొడవ తేలేదాకా మీ దరఖాస్తు చూడం అని చెప్పేసింది, సౌత్ డకోటా విశ్వవిద్యాలయాన్ని మాత్రం తీసుకుంది. చివరికి నార్త్ డకోటా 2010 నవంబరులో బిగ్ స్కై కూటమి పిలుపు అందుకుని 2012లో అందులో చేరింది, అందులో కాలేజీలు మోంటానా నుంచి అరిజోనా, కాలిఫోర్నియా దాకా పరుచుకుని ఉండేవి. అక్కడ కూడా పేరు అలాగే ఉంటే కష్టమవుతుందన్న మాట బిగ్ స్కై పెద్దల నుంచి వచ్చింది. హాకీ అభిమానులకి ఈ బాధ తెలియలేదు, హాకీ జట్టు వేరే గట్టి కూటమిలో ఎప్పటి నుంచో ఉంది. దెబ్బ తగిలింది మిగతా ఆటల పిల్లలకి, బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆడేవాళ్ళకి.

పేరు కథ అంతటితో తెగలేదు. 2010 ఏప్రిల్లో ఉన్నత విద్యా మండలి పేరు తీసేయాలని తేల్చింది. 2011 మార్చిలో శాసనసభ ఏకంగా పేరు ఉంచి తీరాలని చట్టం చేసింది, నవంబరులో తానే రద్దు చేసుకుంది. పేరు కావాలనేవాళ్ళు సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటుకి తీసుకెళ్ళారు. 2012 జూన్‌లో దాదాపు 67 శాతం మంది పేరు వదిలేయడానికే ఓటేశారు. తర్వాత మూడేళ్ళు జట్టుకి వట్టి ‘నార్త్ డకోటా’ తప్ప ఇంకో పేరు లేదు. 2015 నవంబరులో ‘ఫైటింగ్ హాక్స్’ వచ్చింది, మరుసటి ఏడాదే హాకీ జట్టు జాతీయ విజేత అయింది. సమ్మిట్ లీగ్‌లోకి చివరికి 2018లో వెళ్ళారు.

ఇప్పుడు ఈ పేరు మీద గుంపులో ఇంతకు ముందు జరిగిన చర్చలో వచ్చిన ప్రశ్నలకి.

“స్పిరిట్ లేక్ వాళ్ళే ఒప్పుకున్నారుగా, మధ్యలో మీకెందుకు” అన్నారు ఒక అన్న. ఇది న్యాయమైన ప్రశ్న. 2009 ఏప్రిల్లో స్పిరిట్ లేక్‌లో ఓటు పెడితే మూడింట రెండు వంతుల మంది పేరు ఉండాలన్నారు. వాళ్ళని ఎవరో మభ్యపెట్టారు అనడం వాళ్ళని అవమానించడమే, ఆ జెర్సీ చూసి నిజంగా గర్వపడ్డ డకోటా కుటుంబాలు ఉన్నాయి. జట్టు గుర్తుని 1999లో గీసిన బెనెట్ బ్రయెన్ కూడా మూలవాసి చిత్రకారుడే, అయితే ఒజిబ్వే. కానీ స్టాండింగ్ రాక్ మండలి ఓటే పెట్టలేదు, తన వ్యతిరేకత మార్చుకోలేదు. అక్కడ కూడా ఓటు పెట్టాలని అడిగినవాళ్ళు ఉన్నారు, పెట్టి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. అయినా పేరు రెండు తెగలదీ. ఉమ్మడి పొలం అమ్మాలంటే ఒక తమ్ముడి సంతకంతో రిజిస్ట్రేషన్ అవుతుందా? రాజీలో ఇద్దరి అనుమతీ అడగడం అందుకే సరైనదని నా గట్టి నమ్మకం.

“నోటర్‌డేమ్ వాళ్ళ ఫైటింగ్ ఐరిష్‌కి లేని అభ్యంతరం దీనికెందుకు” అని ఇంకొకరు. నోటర్‌డేమ్ కాథలిక్ కాలేజీ, ఐరిష్ ఇళ్ళ పిల్లలు పెద్ద సంఖ్యలో చదివిన చోటు. ఎగతాళిగా వచ్చిన మాటని 1927లో ఆ కాలేజీయే సొంతం చేసుకుంది. మన ‘తెలుగు టైటాన్స్’ కబడ్డీ జట్టు సంగతీ అంతే, మన పేరు మనం పెట్టుకున్నాం, రేపు వద్దనుకుంటే మనమే తీసేయగలం. గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆ తాళంచెవి డకోటాల చేతిలో ఎప్పుడూ లేదు. హాకీ స్టేడియం కట్టించిన రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్ అనే దాత, పేరు మారిస్తే పని ఆపేస్తానని 2000 డిసెంబరులో విశ్వవిద్యాలయం అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. కట్టడానికి 10 కోట్ల డాలర్ల పైన అయింది, లోపల వేల సంఖ్యలో ఆ గుర్తులు, నడవా పక్క కుర్చీల మీద ఇత్తడి బిళ్ళలు, గుమ్మంలో నల్లరాతి నేల మీద చెక్కిన బొమ్మ. రేపు ఎవరూ తీయలేకుండా చేయడానికే అంత పెట్టాడని నా అభిప్రాయం.

“పేరుదేముంది, ఇంత గొడవా” అన్నవాళ్ళకి మన సంగతే ఒకటి చెబుతాను. మద్రాసులో కంపెనీ వాళ్ళ కాలంలో తెలుగుని ‘జెంటూ’ అనేవాళ్ళు, తెలుగువాళ్ళనీ అలాగే. అది పోర్చుగీసు వాళ్ళు అన్యమతస్థుల్ని పిలిచిన మాట నుంచి వచ్చింది. వ్యాకరణాలూ నిఘంటువులూ తెలుగు అనే పేరుతో రావడం మొదలయ్యాక అది మెల్లగా రాలిపోయింది. ఈరోజు ఎవరైనా జట్టు కట్టి ‘ఫైటింగ్ జెంటూస్’ అని పెట్టి, ఇది మీకు గౌరవం అంటే ఈ గుంపులో ఎన్ని పోస్టులు పడతాయో ఆలోచించండి.

కాబట్టి అనువాదం చేస్తున్నవారికి: 2012కి ముందు ఆటల గురించి రాస్తే జట్టుని ‘ఫైటింగ్ సూ’ అనే రాయండి, అది చరిత్ర, దాన్ని దాచక్కర్లేదు. జనం గురించి రాసేటప్పుడు డకోటాలు, లకోటాలు అనండి, తెగ అధికారిక పేరులో ఉన్నప్పుడు మాత్రం స్టాండింగ్ రాక్ సూ తెగ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘ఎర్ర ఇండియన్లు’ పాత పాఠ్యపుస్తకాల మాట, మూలవాసులు అనండి. 2012 నుంచి 2015 మధ్య ఆటలకి వట్టి ‘నార్త్ డకోటా’, ఆ తర్వాత ‘ఫైటింగ్ హాక్స్’. దాన్ని ‘పోరాడే డేగలు’ అని మార్చొద్దు.