గ్రామ వ్యాసాల మొదటి వాక్యంలో పాత జిల్లా పేరు ఉంచాలా, తీసేయాలా?

కంచుకాగడా: తెలుగు వికీపీడియాలో తెలంగాణ ఊళ్ళ పేజీల మొదటి వాక్యం నుంచి పాత జిల్లా పేరు తీసేద్దాం. 2016 అక్టోబరు 11న జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఇంకా "పునర్వ్యవస్థీకరణకు ముందు ఫలానా జిల్లాలో ఉండేది" అని అక్కడే చదివించడం దేనికి? పేజీలను వరసగా తెరిచి మార్చే సాధనం ఆటోవికీబ్రౌజర్‌తో అయిపోయే పని.

వేపచెట్టు: ఆ పేజీల్లోవి 2011 జనగణన అంకెలు. ఆ లెక్క పాత జిల్లాల వారీగా జరిగింది. పాత పేరు తీసేస్తే సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఆ ఊరిని ఎక్కడని వెతుకుతారు?

కంచుకాగడా: జనాభా పేరాలో రాసుకోండి. నేనంటున్నది మొదటి వాక్యం గురించి.

వేపచెట్టు: వరంగల్ చూడండి. 2016లో అర్బన్, రూరల్ వచ్చాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడిపోయాయి. 2021లో అర్బన్ పేరు హనుమకొండ, రూరల్ పేరు వరంగల్ అయ్యాయి. పాత పేజీలో ఉత్త "వరంగల్ జిల్లా" అని ఉంటే అది ఏ వరంగల్? ఆ పేరుతో పేజీ ఉంది కాబట్టి లింకు నీలంగానే ఉంటుంది, తప్పు కనబడదు. పేజీ పేజీ తెరిచి చూడాల్సిందే.

అచ్చుతప్పు: ఆంధ్రాలో చింతూరో? 2011లో ఖమ్మం, 2014లో తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు. ఒక్క వాక్యంలో ఎన్ని ఎక్కిస్తారు?

కంచుకాగడా: నేననేదీ అదే!

గోదారిగట్టు: మండలం మారిందని రాసిన చాలా పేజీల్లో జీవో లింకే లేదు. ముందు మూలం పెట్టండి.

వేపచెట్టు: ఇక్కడ అడుగుతూనే అక్కడ మార్చేస్తున్నారు కదా. వికీలో జరిగే మార్పులన్నీ కనబడే "ఇటీవలి మార్పులు" పేజీలో వరసగా అవే, మార్పు సారాంశం "శుద్ధి". యాంత్రిక మార్పులకు విడిగా వాడే బాటు ఖాతా కూడా కాదు. ఆ వరదలో ఎవరో సర్పంచి పేరు మార్చి ఫోన్ నంబరు పెట్టిపోతే ఎవరికి కనబడుతుంది?

కంచుకాగడా: చిన్న మార్పులుగా గుర్తించాను, మీరు గమనించే పేజీల వీక్షణ జాబితాలో వాటిని దాచుకోండి. చొరవగా దిద్దమని వికీయే చెబుతుంది. ప్రతిదానికీ అడ్డుపడితే పనిచేసేదెవరు?

వేపచెట్టు: అక్షరదోషం దిద్దితే చిన్న మార్పు. సమాచారం తీసేస్తే కాదు. ఒక పేజీలో చొరవ చూపితే ఒక్క నొక్కుతో రద్దు చేయొచ్చు. వందల పేజీల్లో చూపారనుకోండి, అదే వాక్యాన్ని ఇంకొకరు దిద్దాక "రద్దుచెయ్యి" పనిచేయదు, అన్నీ చేత్తో సరిచేసుకోవాలి. జిల్లా పేరు ఎటైనా తేలనీ, నా పేచీ దాని గురించి కాదు. మూకుమ్మడి మార్పులకు ముందు పది పేజీల్లో నమూనా చేసి, వికీ చర్చావేదిక రచ్చబండలో లింకులిచ్చి, వారం ఆగాలి. ఒప్పుకుంటారా?

కంచుకాగడా: వారమా! మూడు రోజులు.

అచ్చుతప్పు: ఆ పదిలో వరంగల్ వైపు ఊళ్ళు నాలుగైనా ఉండాలి.