జీనోమ్ నుంచి ఆటోమేటిక్‌గా కట్టిన మోడల్‌తో మలేరియా మందుకు టార్గెట్లు ఎంచుకోవచ్చా?

ఫ్లక్స్‌లెక్క:
మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారం జీనోమ్ 2002లోనే వచ్చింది, సుమారు 5,300 జీన్లు. ఇప్పుడు ప్రోటీన్ సీక్వెన్సులు ఇస్తే చాలు, సాఫ్ట్‌వేర్ టూల్ మెటబాలిక్ మోడల్ (ఆ జీవి కణంలో జరిగే రసాయన చర్యల లెక్క) కట్టి చేతిలో పెడుతుంది. ఒక్కో జీన్ తీసేసి చూసి, పెరుగుదల సున్నాకి పడిపోతే అదే మందుకు టార్గెట్ అంటున్నారు. పరాన్నజీవుల దగ్గర ఈ పద్ధతి చెల్లదని నా వాదన. చేత్తో సరిచూడని జాబితా మీద ల్యాబ్ డబ్బు పెట్టకూడదు.

అసలు చిక్కు గ్యాప్‌ఫిల్లింగ్‌లో, అంటే మోడల్ పెరగడానికి తక్కువైన రియాక్షన్లని టూల్ తానే చేర్చడంలో ఉంది. మీడియంలో, అంటే మోడల్‌కి బయటినుంచి అందే పోషకాల జాబితాలో, హైపోజాంథిన్ (ప్యూరిన్లకి ముడిసరుకు) రాయడం మరిచారనుకోండి. మోడల్ పెరగదు. అప్పుడు టూల్ డీఎన్ఏకి కావాల్సిన ప్యూరిన్లను మొదటినుంచి తయారుచేసే రియాక్షన్లన్నీ తెచ్చి అతికిస్తుంది. ఈ జీవిలో ఆ దారికి జీన్లే లేవు, ఎర్రకణం నుంచి హైపోజాంథిన్ లాక్కుని బతుకుతుంది. ఒకసారి అతికించాక, హైపోజాంథిన్‌ని వాడుకలోకి తెచ్చే ఎంజైమ్‌ని తీసేసినా మోడల్ చక్కగా పెరుగుతుంది. అలా అసలు టార్గెట్టే జాబితాలోంచి జారిపోతుంది.

జీనోమ్‌పిచ్చి:
అది మీడియం తప్పండీ, పద్ధతి తప్పు కాదు. చేత్తో కట్టిన మోడళ్ళకీ పరిమితులున్నాయి. 2010లో వచ్చిన ఫాల్సిపారం మోడల్‌లో ఉన్నవి 366 జీన్లే. ఎవరు ఏ పేపర్లు చదివారో వాటి ప్రకారం నిండుతుంది. రెండు బృందాల మోడళ్ళలో మెటబోలైట్ల పేర్లు కూడా కలవవు, ఇక జాతుల మధ్య పోలిక ఎక్కడిది? ఒకే నియమంతో అన్ని జీనోమ్‌లకూ కడితేనే తేడాలు బయటపడతాయి. క్రిప్టోస్పోరిడియం సంగతే చూడండి. ఆ పరాన్నజీవికి ఏపికోప్లాస్ట్ (ప్లాస్మోడియం కణంలో ఉండే ఒక గది) లేదు, డీఎన్ఏకి కావాల్సిన పిరిమిడిన్లు సొంతంగా చేసుకోలేదు. ప్లాస్మోడియం చేసుకుంటుంది. జీన్లు లేవు కాబట్టి ఆ తేడా మోడల్‌లో దానంతటదే కనిపిస్తుంది.

ఎర్రకణం:
పిరిమిడిన్ మాట వచ్చింది కాబట్టి ఒక్క రియాక్షన్‌ని దగ్గరగా చూద్దాం. పిరిమిడిన్ తయారీలో పనిచేసే ఎంజైమ్ డైహైడ్రోఓరోటేట్ డీహైడ్రోజినేస్. పరాన్నజీవిలో ఇది ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు మోసే యుబిక్వినోన్‌కి ఇస్తుంది. ఈస్ట్ ఎంజైమ్ ఫ్యూమరేట్‌కి ఇస్తుంది. టూల్ ఈస్ట్ రియాక్షన్‌ని ఎత్తుకొచ్చిందంటే మైటోకాండ్రియా ఎలక్ట్రాన్ రవాణా మొత్తం అనవసరమైపోతుంది, దానితో మలేరియా మందు అటోవాక్వోన్ టార్గెట్టూ పోతుంది. 2007లో ఇదే పని నిజం పరాన్నజీవి మీద చేసి చూశారు. ఈస్ట్ జీన్ పెట్టగానే అది అటోవాక్వోన్‌ని తట్టుకుంది. పరాన్నజీవి ఎర్రకణాల్లో పెరిగే రక్తదశలో ఆ ఎలక్ట్రాన్ రవాణా గొలుసుకున్న ముఖ్యమైన పని యుబిక్వినోన్‌ని తిరిగి తయారుగా ఉంచడమేనని అలా తేలింది. ఫైల్‌లో ఒక్క వరుస తప్పయితే, వాడుకలో ఉన్న మందు టార్గెట్టే మీకు కనబడదు.

పైరువేట్ డీహైడ్రోజినేస్ కూడా అంతే. పేరు చూడగానే టూల్ మైటోకాండ్రియాలో పెట్టేస్తుంది. ప్లాస్మోడియంలో అది ఏపికోప్లాస్ట్‌లో ఉంటుంది. మైటోకాండ్రియాలో ఆ పని బ్రాంచ్డ్ చెయిన్ కీటోయాసిడ్ డీహైడ్రోజినేస్ చేస్తుంది. బాక్టీరియా మూసలో పోసిన మోడల్‌కి ఈ రెండు గదులూ ఉండనే ఉండవు.

జీనోమ్‌పిచ్చి:
ఈ రెండూ ఒప్పుకుంటున్నాను. కానీ చేత్తో కట్టినా తప్పించుకోలేనివి ఉన్నాయి. ఫ్యాటీ యాసిడ్ తయారీలో ఫాబ్-ఐ ఎంజైమ్ మీద బాక్టీరియాని చంపే ట్రైక్లోసాన్ పనిచేస్తుందని 2001లో బెంగళూరు శాస్త్రవేత్తలు చూపించారు, అందరూ ఆశపడ్డారు. తర్వాత ఆ జీన్ తీసేస్తే రక్తదశలో ఏమీ కాలేదు, కాలేయదశ చివర్లో ఆగిపోయింది. హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుమున్న భాగం) తయారీ కథా ఇదే. ఎంజైములన్నీ ఉన్నాయి, కానీ 2013 పని ప్రకారం అవి లేకపోయినా రక్తదశ సాగిపోతుంది. దోమలోనూ కాలేయంలోనూ మాత్రం తప్పనిసరి. జీన్ ఉందంటే ఆ దశలో వాడుతోందని కాదు. దీనికి మోడల్‌ని చేత్తో సరిచూసే క్యూరేటర్‌ని ఎంత నిందించాలో టూల్‌నీ అంతే.

ఎర్రకణం:
అందుకే జీన్ల కన్నా ముందు తిండి పట్టిక రాయండి. సీరం నుంచి ఫ్యాటీ యాసిడ్లు రానిస్తే ఫాబ్-ఐ అనవసరమవుతుంది, మూస్తే ప్రాణాధారమవుతుంది. రక్తదశకి గ్లూకోజ్, హైపోజాంథిన్, పాంటోథెనేట్ (ఒక విటమిన్) తెరవండి. ఐసోల్యూసిన్‌ని బయటినుంచి రానివ్వాల్సిందే, ఎందుకంటే పెద్దవాళ్ళ హీమోగ్లోబిన్‌లో అది లేదు. మిగతా అమినో యాసిడ్లలో చాలావరకు హీమోగ్లోబిన్ జీర్ణం నుంచే వస్తాయి.

ఫ్లక్స్‌లెక్క:
ఇంకో పరీక్ష చాలామంది వదిలేస్తారు. బయటినుంచి వచ్చే దారులన్నీ మూసేసి, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేసే రియాక్షన్‌ని గరిష్ఠం చేయండి. జవాబు సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో గాలిలోంచి శక్తి పుడుతోంది. ఎక్కువసార్లు కారణం రెండు వైపులా నడిచేలా రాసిన ట్రాన్స్‌పోర్టరో (పదార్థాల్ని పొరల దాటించేది), ట్రాన్స్‌హైడ్రోజినేస్ ఎంజైమో. ఇది తీర్చకుండా చేసిన జీన్ తొలగింపు ఫలితాలు చూడడం దండగ.

జీనోమ్‌పిచ్చి:
మరి చివరికి దేనితో పోల్చి చూస్తారు?

ఫ్లక్స్‌లెక్క:
2018 పిగ్గీబ్యాక్ స్క్రీన్‌తో, అంటే ట్రాన్స్‌పోజాన్ (దూకే డీఎన్ఏ ముక్క) దూర్చి జీన్లని చెడగొట్టి చూసిన ప్రయోగంతో. రక్తదశకి 2,680 జీన్లు అవసరమని తేల్చింది. అది రక్తదశే, కాలేయదశ మోడల్‌ని దానితో కొలవకండి. ట్రాన్స్‌పోజాన్ డీఎన్ఏలో టీటీఏఏ అన్న అక్షరాల చోట్లే దూరుతుంది కాబట్టి, చిన్న జీన్లలో అలాంటి చోట్లు తక్కువుంటే ‘అవసరం’ అన్న ముద్రని అనుమానంగా చూడండి. గ్యాప్‌ఫిల్ చేసిన రియాక్షన్లకి వేరే ట్యాగ్ పెట్టి, ఒక్కోటీ తీసి జీన్ తొలగింపు మళ్ళీ నడపండి. ఒక్క అతుకు తీసేసరికి మారిపోయే టార్గెట్‌ని నేనైతే ల్యాబ్‌కి పంపను.

జీనోమ్‌పిచ్చి:
ట్యాగ్ మాట ఒప్పుకుంటాను. పంపకూడదన్నది ఒప్పుకోను. ముందు ఆ అతుకు రియాక్షన్‌ని ల్యాబ్‌లో పరీక్షించమంటాను, ఎందుకంటే ఫాల్సిపారంలో ఏ పనో తెలియని ప్రోటీన్లు ఇంకా చాలా ఉన్నాయి, ఆ ఎంజైమ్ వాటిలోనే ఉండొచ్చు.