పద్యనాటకాన్ని 16 ట్రాకుల్లో పట్టాలి: హార్డ్ డిస్క్ రికార్డరుతో ఎక్కడ జాగ్రత్త?

అమలాపురం: నవమి పందిట్లో పద్యనాటకం, రాత్రి పదికి మొదలైతే తెల్లవారుజామున నాలుగు దాకా. సెకండ్ హ్యాండు ఆలెసిస్ హెచ్‌డీ24 రికార్డరు ఉంది. మిక్సరుకి డైరెక్ట్ అవుట్లు (ఒక్కో మైకు సిగ్నల్ విడిగా బయటికొచ్చే సాకెట్లు) లేవు, ఇన్సర్టులే (ఒకే సాకెట్లో సిగ్నల్ బయటికెళ్లి తిరిగొచ్చేవి). ఎంత డిస్కు పెట్టాలి, కేబుళ్లు ఎలా కట్టాలి? కాస్త చెప్పండన్నా.

భీమవరం: డిస్కు లెక్క తేలికేనండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ తింటుంది. 16 ట్రాకులకి గంటకి 8.3 జీబీ, ఆరు గంటలకి 50 జీబీ. 80 జీబీ ఐడీఈ (పాత రకం, వెడల్పు కేబుల్ది) డిస్కు సరిపోద్ది. కంప్యూటర్లో ఫార్మాట్ చేసి తేకండి, ఈ మిషన్లోనే చెయ్యాలి. దీని ఫైళ్ల పద్ధతే వేరు, విండోస్‌కి నేరుగా కనబడదు. వెనకున్న నెట్‌వర్క్ సాకెట్టు 10 మెగాబిట్‌ది. 50 జీబీ లాగాలంటే తక్కువలో తక్కువ 11 గంటలు. మర్నాడే ఆడియో ఇస్తానని ఎవరికీ మాటివ్వకండి.

రావులపాలెం: ఇన్సర్టులో మోనో జాక్ సగం దూర్చి, ఒక్క క్లిక్‌కి ఆపేస్తే సిగ్నల్ వస్తుంది.

పాలకొల్లు: వస్తుంది గానీ, ఎవరి కాలో కేబుల్‌కి తగిలితే జాక్ లోపలికి పోయి ఆ మైకు స్పీకర్లలో ఆగిపోద్ది. 16 కేబుళ్లు టంకం పెట్టుకోండి. ఇన్సర్టు వైపు స్టీరియో జాక్: మొనకీ, మధ్య రింగుకీ చిన్న తీగ కలిపి, ఆ రెంటికీ కేబుల్ లోపలి తీగ. గ్రౌండుకి పైజల్లి. రికార్డరు వైపు మోనో జాక్. అప్పుడు పూర్తిగా దూర్చినా సిగ్నల్ తిరిగి మిక్సరుకి వెళ్తుంది.

అమలాపురం: లెవెల్ ఎక్కడ పెట్టాలండి? రికార్డరు మీద ఇన్‌పుట్ నాబులే లేవు.

పాలకొల్లు: ఆయ్, ఉండవు. మిక్సరు గెయిన్‌తోనే (మైకు సిగ్నల్‌ని మొదట పెంచే నాబు) సరిచూసుకోవాలి. వచనంతో లెవెల్ పెడితే దెబ్బతింటారు. పద్యం చివర రాగం తీసేటప్పుడే ఎర్రలైటు వెలిగేది. మేకప్‌కి ముందే ఒక పద్యం పాడించి, ఆ రాగం రికార్డరు మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి. 24 బిట్ కదా, కాస్త తక్కువైనా పర్లేదు, పగిలిన శబ్దాన్ని మాత్రం బాగుచెయ్యలేం. ఇన్సర్టు ఫేడరుకి (పైకీ కిందికీ జరిపే వాల్యూమ్ మీటకి) ముందుంటుంది కాబట్టి ఫేడరు ఎంత కదిపినా రికార్డింగు చెక్కుచెదరదు. గెయిన్ ముట్టుకుంటే మాత్రం రికార్డింగులో లెవెల్ గంతేస్తుంది. ఆపరేటరుకి ముందే చెప్పుకోండి.

భీమవరం: కరెంటు మాట మర్చిపోయారు. లైను పోయి జనరేటరు అందుకునే ఆ రెండు క్షణాలు చాలు. స్టాప్ నొక్కేదాకా ఏ ఫైలు ఎక్కడుందన్న లెక్క డిస్కు మీద పూర్తిగా రాయదు, మధ్యలో ఆగితే ఆ టేకు గల్లంతయ్యే ప్రమాదం. యూపీఎస్ పెట్టండి, తెర పడిన ప్రతిసారీ స్టాప్ చేసి కొత్త ఫైలు మొదలెట్టండి. మిక్సరూ రికార్డరూ ఒకే బోర్డు నించి తీసుకోండి. లేకపోతే గుయ్‌మని హమ్ పడుద్ది. హమ్ పోవాలని ఎర్తు పిన్ను మాత్రం పీకేయకండి, షాకు కొడుతుంది.

రావులపాలెం: వేదిక చెక్కల మీదా, బేస్ బాక్సుల పక్కనా పెట్టొద్దు, అదురుకి డిస్కు తడబడుతుంది. నేల మీద బల్ల, బల్ల మీద ఫోమ్. ఏసీ కార్లో తెస్తే గంటసేపు ఆన్ చెయ్యకుండా ఉంచండి. మన ఉక్కకి లోపల చెమ్మ పడుతుంది.

అమలాపురం: జనం చప్పట్లకి మిక్సరు దగ్గర రెండు మైకులు పెడదామని.

పాలకొల్లు: పెట్టండి. మిక్సరు వేదికకి 20 మీటర్ల దూరంలో ఉంటే ఆ ట్రాకులు సుమారు 57 మిల్లీసెకన్లు వెనకబడి ఉంటాయి. మిక్సింగులో ముందుకి జరుపుకోండి.