అప్‌డేట్: పుస్తకాల అల్మారా గోడకు బిగించాం, స్క్రూలు కనబడట్లేదు

మా పాప అరలు పట్టుకుని పైకెక్కుతోందని, ఏడడుగుల పుస్తకాల అల్మారాను క్లాంపులు బయటికి కనిపించకుండా గోడకు ఎలా బిగించాలని అడిగాను కదా. పని అయిపోయింది. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అల్మారా వెనక ప్లైవుడ్ పల్చటిది, దాన్ని నమ్మొద్దని మీలో ఒకరు చెప్పిన మాట చాలా ఉపయోగపడింది. పై అర లోపల, వెనకవైపు, ఈ చివర నుంచి ఆ చివరకు మందపాటి టేకు పట్టీ వేయించి రెండు పక్క చెక్కలకూ గట్టిగా బిగించాం. గోడ స్క్రూలు ఆ పట్టీలోంచే వెళ్లాయి. ముందు పుస్తకాలు పేర్చేస్తే ఇక ఏమీ కనబడదు.

అసలు చిక్కు గోడ అడుగున నేల వెంబడి అతికించే స్కర్టింగ్ టైల్‌తో వచ్చింది. అది అడ్డుపడి అల్మారాకీ గోడకీ మధ్య సందు మిగిలింది. అలాగే బిగిస్తే పై భాగం వెనక్కి వంగి చెక్క మీద ఒత్తిడి పడుతుంది. అందుకే స్క్రూలు వచ్చే చోట, టైల్ మందానికి సరిపోయే చెక్కముక్కలు వెనక పెట్టాం.

మాది ఏఏసీ బ్లాకుల (లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు ఇటుకల) గోడ. స్క్రూ బిగుసుకోవడానికి రంధ్రంలో దూర్చే మామూలు ప్లగ్గులు అందులో పట్టు నిలపవు. ఆ బ్లాకులకనే అమ్మే పొడవాటి నైలాన్ ప్లగ్గులు తెచ్చి, డ్రిల్‌లో హామర్ మోడ్ (సుత్తిలా కొడుతూ తొలిచే పద్ధతి) ఆపి రంధ్రాలు వేయించాం.

బరువైన నిఘంటువులు కింది అరకు దించాం. పైన పట్టుకుని గట్టిగా లాగి చూశాను, కదల్లేదు. అయినా పాపను ఎక్కనివ్వట్లేదు.