షార్ప్ సీరియల్: గుండు ఉమ్మితే తుపాకీ నిండుతుందా?

ధర్మాబాద్ రావు: ఇంగ్లీషు రచయిత కార్న్‌వెల్ నవలల మీద 1993ల మొదలైన 'షార్ప్' సీరియల్ మళ్ళ చూస్తున్న. అండ్ల షార్ప్ అనే ఇంగ్లీషు ఆఫీసరు ఏసం గట్టిన షాన్ బీన్ సిపాయిలకు నిమిషానికి మూడు రౌండ్లు నేర్పుతడు గద. కాగితపు తూటా కొరికి, మందు పోసి, నోట్లున్న గుండును గొట్టంలకు ఉమ్మి, తుపాకీ మడమ నేలకేసి కొట్టుడే. కూరే కడ్డీ ముట్టడు. అయ్యే పనేనా?

బల్లార్షా మేస్త్రి: కానే కాదు. షార్ప్ మోసేది బేకర్ రైఫిల్, గొట్టంలో మెలితిరిగిన ఏడు గాళ్లు. గుండును జిడ్డు తోలుముక్కలో చుట్టి, కడ్డీతో బలంగా దించితేనే గాళ్లు పట్టి తిరుగుతుంది. ఉమ్మితే మూతి దగ్గరే కూర్చుంటుంది.

కిన్వట్ 52: మేస్త్రి గారూ, అక్కడ సిపాయిల చేతుల్లో ఉన్నవి గాళ్లు లేని నున్నటి గొట్టపు బ్రౌన్ బెస్ తుపాకులు. మూతి 0.75 అంగుళం, గుండు 0.69. దానంతటదే జారుతుంది.

బల్లార్షా మేస్త్రి: మొదట్లో జారుతుంది. మసి పట్టాక సగంలో ఆగుతుంది. మందుకూ గుండుకూ మధ్య సందు ఉండి పేలిస్తే గొట్టం అక్కడే ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది. పైన కాగితం కూరలేదు కాబట్టి మూతి కిందికి వంచితే గుండు దొర్లి బూట్ల మీద పడుతుంది.

కిన్వట్ 52: వంచమని ఎవరన్నారు?

సిరొంచ లక్ష్మి: మసి ముచ్చట ఆపుండ్రి అన్నా. నవలల్ల షార్ప్ ఇంగ్లీషు జనరల్ వెల్లెస్లీ పానం కాపాడి ఆఫీసరైంది 1803 సెప్టెంబర్ 23న, కంపెనీకి మరాఠాలకు లడాయైన మన మహారాష్ట్ర జాల్నా జిల్లా అస్సాయిల. సీరియలోళ్లు దాన్ని పోర్చుగల్‌కు ఎత్తుకపోయిన్రు.

కిన్వట్ 52: అస్సాయి నవల వచ్చింది 1998లో. ఐదేళ్ల ముందే ఎట్లా ఎత్తుకుపోతారు?

సిరొంచ లక్ష్మి: ముందటి నవలల్లనే ఆ సంగతున్నది. సరే, 2006ల వచ్చిన భాగాన్ని ఇండియాకొచ్చి తీసినప్పుడన్న అస్సాయి లడాయి చూపిన్రా? కథను 1817కు జరిపి లేని కోటొకటి పెట్టిన్రు. కైల్నా నది ఏది? ఒడ్డుకు ఈ పక్కొక ఊరు, ఆ పక్కొక ఊరు ఉన్నయంటే నడుమ రేవుంటదని వెల్లెస్లీ పసిగట్టి దిగిన పీపల్‌గావ్ ఏది? కాల్బలంల తెల్ల పటాలాలు రెండే, మద్రాసు పటాలాలు ఐదు. ఆ సిపాయిలను తెలింగాలనేటోళ్లు, తెలింగాలంటే మన తెలుగోళ్లే గద! ఒక్క మొఖం కనవడదు.

బల్లార్షా మేస్త్రి: మనోళ్లెవరమ్మా? అప్పుడు మా చాందా (ఇప్పటి చంద్రపూర్) నాగపూర్ రాజు భోంస్లేది. ఆయన ఇంకో మరాఠా రాజు సింధియా పక్కన నిలబడ్డాడు. కంపెనీ జీతగాళ్లను మనోళ్లంటే ఎట్లా?

ధర్మాబాద్ రావు: మా నాందేడ్ నిజాంది. నిజాం కంపెనీ దిక్కు. మేమెవరి దిక్కు?

సిరొంచ లక్ష్మి: మీ భోంస్లే నిలబడ్డడా? లడాయి సురువుగాంగనే పోయిండు. నిలబడ్డది సింధియా గోలందాజులు, ఫిరంగులు పేల్చేటోళ్లు. చచ్చినట్టు ఫిరంగుల కింద పడి ఉండి, పటాలం దాటినంక లేచి ఎనుకనుంచి కాల్చిన్రు. వాళ్లను చూపినా ఒప్పుకుంట.

బల్లార్షా మేస్త్రి: అది మొదట్లోనే అంటే ఒప్పుకునేవాణ్ణి. కాని ఉబ్బిన గొట్టం సంగతి ఇంకా ఎవరూ కాదనలేదు.